మూడు భాగాల పాట

కొడుకు ప్రణవ్‌ను మట్టిలో పెట్టిన రోజే ఇంట్లో వాడి గిటారు మాయమైంది. ఆ పూట గదిలోకి వెళ్లింది వాడి బ్యాండ్ స్నేహితుడు మస్తాన్ ఒక్కడేనని తండ్రి వీరభద్ర సార్ అనుకున్నాడు.

నెల తర్వాత ఆయన కర్నూలులో పొడవాటి పాటలు కట్టే వాళ్ల ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ సాధన చేసే షెడ్డుకు పోయాడు. బ్యాండ్ కుర్రాళ్లంతా అక్కడే ఉన్నారు, ప్రణవ్ గిటారు గోడకు ఆనించి ఉంది.

"ఇంకా అమ్మలేదేం?"

మస్తాన్ డ్రమ్స్ వెనక నుంచి లేచాడు. "కూర్చోండి సార్."

"కూర్చోడానికి రాలేదు. ప్రణవ్ కట్టిన పాటను మీ పేరున వాయించుకుందామనా, దీన్ని ఎత్తుకొచ్చింది?"

"ఆ పొద్దు మీరేమన్నారో యాదుండాదా సార్?"

"ఏమన్నాను?"

"వానికి ఇష్టమైనవన్నీ వానితోనే గుంతలో పెట్టమన్నారు. చొక్కాలు, గడియారం అన్నీ పెట్టినారు. మీ తమ్ముడు గిటారు కోసం వస్తాంటే నేను కిటికీలోంచి దించుకొని పోతిని."

సార్‌కు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. ఆ చొక్కాల కోసమే ఆయన నెలంతా బీరువా వెతుకుతున్నాడు.

ఆయన చెయ్యి గిటారు మీదికి పోయింది.

"బిరడాలు మాత్రం తిప్పొద్దు సార్. ఆ శ్రుతి వాడు పెట్టిందే. మేమూ ముట్టలా."

"పాట?"

"అరగంట పాట సార్, నాలుగు భాగాలు. వాడు కట్టిన మూడే వాయిస్తాండాం."

సార్ చెయ్యి వెనక్కి తీసుకుని, గిటారు పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"వాయించండప్పా."

వాళ్లు మూడు భాగాలు వాయించి ఆపారు. నాలుగోది ఇంకా ఎవరూ కట్టలేదు.