నాలుగు చుక్కల సలహా

"ఒలే, ఆయనెవరో తాగి పడిపోతే మనల్నే అంతారే," అంది నూకాలు చిక్కుడుకాయలు తుంచుతూ.

యంత్రాల సలహాలతో విసిగిపోయిన జనం మనిషి మాటే కావాలంటున్న రోజులవి. నూకాలు కూతురు కాంతమణి దూరాన ఉన్న సీసాల వాసననూ మనుషుల మాటనూ మోసుకొచ్చే, వంటింటి గోడకున్న వాసనపెట్టెలో స్కాచ్ విస్కీలు వాసన చూసి, అడిగినవాళ్లకు నప్పేది చెప్పాలి. మొదటి బేరం మెచ్చుకుంటేనే కంపెనీలో ఉద్యోగం.

"పొగవాసన దండిగా, ఘాటు గట్టిగా ఉండే సింగిల్ మాల్ట్ విస్కీ చెప్పమ్మా," అన్నారు పెట్టెలోంచి ఓడ కెప్టెన్ పరాంకుశంగారు.

"మీ ముందున్నవాటిలో రెండో సీసా తియ్యండి సార్," అంది కాంతమణి వాసన చూసి. " చిత్తడినేల మట్టిపెళ్లలు కాల్చి, ఆ పొగలో బార్లీ ఆరబెట్టారు. పీపాలోంచి తీసింది తీసినట్టే, నీళ్లు కలపలేదు, అరవై శాతం ఆల్కహాల్."

అరవై అనగానే నూకాలు చిక్కుడుకాయలు వదిలేసి లేచింది. కూతురిని పక్కకు జరిపి, "గొంతు కాలిపోద్ది బాబూ. నాలుగు సుక్కలు నీళ్లేసుకోండి," అని పెట్టెలోకి చెప్పేసింది.

"కొంప ముంచావే అమ్మా," అని కాంతమణి తల పట్టుకుంది.

చిక్కుడుకాయలు తుంచడం అయిపోయింది, కూర పొయ్యెక్కింది. ఇక ఉద్యోగం పోయినట్టేనని ఇద్దరూ అనుకున్నారు.

చివరికి కెప్టెన్‌గారు గొంతు సవరించుకున్నారు.

"నీళ్లు పడ్డాకే పొగ వెనకున్న తీపి బయటికొచ్చిందమ్మా. అమ్మాయిని పనిలో పెట్టుకోమని కంపెనీవాళ్లకు ఇప్పుడే చెప్పాను. రేపట్నుంచి పక్కన మీరూ కూర్చోవాలి."