మూడు దమ్ములు

షేర్‌గాజీ సిగరెట్టును విసిరికొట్టాడు. ఆలస్యమైంది. మూడు దమ్ములు లోపలికి వెళ్ళిపోయాయి.

నారిన్ బస్టాండులో వ్యాను డ్రైవర్లు ఒకరు ముట్టించి ఇంకొకరికి అందిస్తారు. కుబాత్ అందించాడు. షేర్‌గాజీ ప్రయాణికులను కేకేస్తూ, చూసుకోకుండా నోట్లో పెట్టుకున్నాడు.

"ఏంటన్నా, మొహం అలా పాలిపోయింది?"

"చంపేశావు కదరా! పన్నెండు రోజుల కింద సిగరెట్టు మానడానికి ఆసుపత్రిలో కోడ్ వేయించుకున్నా. మూడేళ్ళలోపు ముట్టుకుంటే గంటలో గుండె ఆగుతుందని డాక్టరమ్మ నా కళ్ళలోకి చూసి చెప్పింది. సంతకం కూడా పెట్టా."

కుబాత్ నవ్వలేదు. కోడ్ తప్పి చచ్చిపోయారనే వాళ్ళ పేర్లు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అందులో మందూ లేదు, సూదీ లేదు. ఆ వైద్యమంతా భయమే.

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయిరా."

"కోడ్ తీసేస్తారట అన్నా. ఆసుపత్రి ఎదురుగానే ఉంది, నడువు."

షేర్‌గాజీ రెండడుగులు వేసి మంచులో కూలబడ్డాడు. కుబాత్ సీటు కిందనుంచి వోడ్కా సీసా తీశాడు.

"వద్దురా. జన్మలో తాగలేదు."

"తెలుసులే, ముల్లాగారూ! ధైర్యానికి ఒక్క గ్లాసు. నిన్ను మోయడం నావల్ల కాదు."

షేర్‌గాజీ కళ్ళు మూసుకుని మింగాడు. కాళ్ళు కదిలాయి.

డాక్టర్ అక్మరాల్ గదిలో అతను బల్ల పట్టుకుని వేలాడాడు. "తీసెయ్యమ్మా! సిగరెట్టు తాగేశాను. నాకు ముగ్గురు ఆడపిల్లలు."

ఆమె అతని కాగితం వెతికి తీసింది. రెండుసార్లు చదివింది.

"సంతకం పెట్టేముందు ఇది చదవలేదా?"

"రష్యన్ చదవడం నాకెక్కడ వచ్చమ్మా? హాల్లో మీరు 'ఆ విషం' అన్నారు. అందరితోపాటు నేనూ తలూపాను."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "ఇంటికి పోవయ్యా. సిగరెట్టుకు నీకేమీ కాదు. పొగాకు వాళ్ళను కూర్చోబెట్టేది గురువారం. నువ్వు బుధవారం వచ్చి కూర్చున్నావు."

షేర్‌గాజీ గోడకు చేరగిలబడి, బతికానని బిగ్గరగా ఏడ్చాడు. కుబాత్ అతని వీపు నిమిరాడు. నిమురుతూనే అడిగాడు.

"బుధవారం ఎవరికి డాక్టరమ్మా?"

"తాగుబోతులకి."