మడిచిన విస్తరి

"కదలకండి మామ్మగారూ, శాలువా జారిపోతంది," అంటూ జ్యోతిర్మయి వేదిక మీద నా భుజాలు సర్దింది.

సోమయాజులు పంతులుగారు మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చి డెబ్భై ఏళ్లయిందని ఈ సభ పెట్టారు. అంటరానితనం పోవాలని ఆయన వచ్చిన రోజే అందరినీ ఒకే బంతిలో భోజనానికి కూర్చోబెట్టారు. కాలనీ ఊడ్చే పోలమ్మ పక్కన కూర్చుని తిన్న తొమ్మిదేళ్ల పిల్ల నేనేనని ఇన్నేళ్లూ చెప్పుకుంటూనే ఉన్నాను. ఈ జ్యోతిర్మయి ఆ పోలమ్మ మనవరాలే. ఇప్పుడు టికెట్ కౌంటర్లో డ్యూటీ చేస్తోంది.

"మైకులో ఏటి చెప్తారు?" అని అడిగింది.

"ఏటుంది, మీ మామ్మ పక్కన తిన్నాననే."

"అచ్ఛా," అంది. "తినీసాక విస్తళ్లు ఎత్తింది కూడా మా మామ్మే కదండీ."

పోలమ్మ పక్కన తింటే మైలని, ఆ రోజు అన్నం ముట్టకుండానే విస్తరి మడిచేశాను, తిన్నట్టు కనబడాలని. ఎత్తేవాళ్లకి బరువు తెలుస్తుందని ఆ వయసులో తట్టలేదు.

"విప్పి చూసిందట. మెతుకు కదల్లేదట," అంది మెల్లగా. "బయట ఎవరితోటీ అన్లేదు. పిల్లకి ఆకల్లేదేమోలే, అనీది మాతోటి."

మైకు నా ముందుకు తెచ్చారు. శాలువా తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఆకలుందమ్మా," అన్నాను మైకులోనే. "ఆ రోజు పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదు."