సగం రొట్టె

కారు ఆగీ ఆగకముందే అంతా దాని మీద పడ్డారు.

"గోడ కట్టాలి. నలుగురు కావాలి. ఎంతకొస్తారు?"

ఎర్గాష్ ఒక రేటు చెప్పాడు. వెనక నుంచి ఎవరో అంతకంటే తక్కువ చెప్పారు. ఇంకెవరో ఇంకా తక్కువ.

కారు నలుగురిని ఎక్కించుకుని పోయింది. ఎర్గాష్ మిగిలిపోయాడు.

తాష్కెంట్ కూలీల అడ్డాలో ఆ చలికాలమంతా ఇదే తంతు. వసంతం లోపు పని కుదురుకోకపోతే అతనూ రష్యా రైలెక్కాలి. ఆ రైలెక్కిన అన్న శవపెట్టెలో తిరిగొచ్చాడు. తల్లి ఇంట్లో రైలు మాటే ఎత్తనివ్వదు.

గోడ వారన కూర్చున్న ముసలాయన ఈసారీ లేవలేదు. చేతిలో పారైనా లేదు. రోజూ వస్తాడు, ఏ కారూ ఎక్కడు. ఒకసారి మంచు ఎత్తే పనికి ఆయన్నే పిలిస్తే, పక్కవాణ్ణి చూపించాడు.

"నిన్నెవరు తీసుకెళ్తారు తాతా? పిల్లనిచ్చేవాడైనా దొరుకుతాడేమో గాని!" అన్నాడు తోటి కూలీ నార్మత్.

"అదీ మంచిదే. ఇంట్లో అడిగి చెప్తా."

అందరూ నవ్వారు.

ఎర్గాష్ అలవాటుగా తన రొట్టె తుంచి సగం ఇచ్చాడు. ముసలాయన రెండు చేతులా అందుకుని ఆబగా తిన్నాడు. పాపం, ఎన్ని పూటలైందో అనుకున్నాడు ఎర్గాష్.

"ఒకప్పుడు ఇక్కడే పత్తి బస్తాలు మోసేవాళ్ళు నిలబడేవారు," అన్నాడు ముసలాయన. "పత్తి ధర ఎంత పెరిగినా వాళ్ళ కూలి పెరగలేదు. నువ్వు తగ్గిస్తే నేనింకా తగ్గిస్తానని పోటీ పడేవారు. చివరికి ఒక పెద్దమనిషిని ముందు నిలబెట్టారు. రేటు ఆయనే చెప్పాలి, మిగతావాళ్ళు నోరు విప్పకూడదు. అప్పుడు పెరిగింది."

ఎర్గాష్‌కు విసుగొచ్చింది.

"రొట్టె నేను పెడుతున్నా. నువ్వు కబుర్లు పెడుతున్నావు. వాటితో మా అమ్మ కడుపు నిండుతుందా?"

ముసలాయన ఒడిలో రాలిన రొట్టెపొడి ఏరి నోట్లో వేసుకుని, మెల్లగా లేచి వెళ్ళాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పని దొరకని ఒక పొద్దున నార్మతే అన్నాడు.

"ముసలాయన చెప్పింది చేసి చూద్దామా? పోయేదేముంది?"

అందరిలోకీ పెద్దవాడు హైత్ ముందు నిలబడ్డాడు. మొదటి కారు తిట్టి వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. ఎవరూ నోరు విప్పలేదు.

మధ్యాహ్నానికి మొదటి కారే తిరిగొచ్చింది.

ఆప్రికాట్ చెట్లు పూతకొచ్చేసరికి ఎర్గాష్ రష్యా సంగతి మరిచిపోయాడు.

అప్పుడే ఒక పెద్దావిడ వచ్చింది, తెల్ల రుమాలు కట్టుకుని. పోయిన భర్త పుస్తకాలు నాలుగో అంతస్తు నుంచి దించాలట. హైత్ చెప్పిన రేటుకు బేరమాడలేదు.

"ఇటుకలే నయం," అన్నాడు నార్మత్ రొప్పుతూ. "ఇవన్నీ చదివినాయన ఏం చేసేవారమ్మా?"

"కూలీల చరిత్ర, వర్తకుల చరిత్ర చెప్పేవారు యూనివర్సిటీలో. పనులెందుకు పోతున్నాయో టీవీలోనూ చెప్పారు. ఎవరు విన్నారు? రిటైరయ్యాక మీ అడ్డాకే వచ్చి కూర్చునేవారు. మంచాన పడ్డాక కూడా పొద్దున్నే లేవబోయేవారు."

ఎర్గాష్ చేతిలోని పుస్తకాల కట్టను కింద పెట్టాడు.

ఆవిడ టీ పోసి, రొట్టె తుంచి వాళ్ళ ముందు పెట్టింది.

"అక్కడెవరో అబ్బాయి రోజూ తన రొట్టెలో సగం పెట్టేవాడట," అంది. "కడుపు నిండుగా ఉంటే ఆ పిల్లాడిది తినలేనని, నేనెంత బతిమాలినా ఇంట్లో ఏమీ ముట్టకుండా వెళ్ళేవారు."