అందే ఎత్తు

నేను గోడకు మేకు కొట్టినా మా ఇంట్లోవాళ్లకు అందులో మమకారమే కనిపిస్తుంది.

వదిన డ్యూటీకెళ్తే, ఐదేళ్ల మేనకోడలు వల్లిని రెండేళ్లుగా చూసుకుంటున్నది నేనే. ఈ వారం దాని గది సర్దాను. అమ్మ పాత చీరతో గోడకు జేబులు కుట్టాను. రైల్వే గార్డుగా రిటైరైన నాన్న డ్యూటీకి తీసుకెళ్లిన ఇనప పెట్టె, లైన్ బాక్సుకు చక్రాలు బిగించి బొమ్మలు పెట్టాను. మేజోళ్ల డబ్బా మీద మేజోళ్ల బొమ్మ అంటించాను.

అమ్మ వెంటనే కోటా ఊళ్లో ఉన్న పిన్నికి ఫోన్ చేసింది. "ఎమ్మెస్సీ చదివినా పొగరేటీ లేదే చెల్లీ. పిల్లంటే పేనం పెట్టేస్తాది. ఇంక ఉజ్జోగం ఊసెత్తదులే."

నాన్న నడుం పట్టుకుని వంగి చూశాడు. "అచ్ఛా! అన్నీ నేలబారునే పెట్టేవేటమ్మా?"

"వల్లి చేతికి అందాలి కదా నాన్నా."

అంతలో వల్లి బడి నుంచి వచ్చింది. బూట్లు కింది అరలో పెట్టింది. చీర జేబులోంచి గౌను తీసి తనే తొడుక్కుంది. "అత్తా" అని ఒక్కసారి కూడా పిలవలేదు.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన వదిన అది చూసి నవ్వింది. "ఇంక నీకేం పని మిగిలిందే?"

"రాయపూర్‌లో ఉద్యోగం. సోమవారం చేరుతున్నాను."