గడప మీద మాట

వాయిదాలు తప్పితే ఇంటి తలుపే ఇల్లు ఖాళీ చేయించే కాలమది. సిద్దిపేటలో డ్రోన్లు బాగుచేసి బతికే దేవవ్వ, చెయ్యి విరగడంతో కొన్నాళ్ళుగా ఇంటి అప్పు కట్టలేకపోతోంది. బ్యాంకు అధికారి నరహరి వచ్చేసరికి మూటలు సర్దుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

"ఇల్లు విడిచి వెళ్తున్నట్టు మీ నోటితో చెప్పండి," అంది తలుపు. ఆ మాట నమోదైతేనే తాళం పడుతుంది.

దేవవ్వ గడపకు మొక్కి, "పోయొస్త బిడ్డా," అంది.

"తిరిగి వస్తానన్నారు. ఖాళీ చేసినట్టు కాదు."

నరహరి విసుక్కున్నాడు. "అవ్వా, 'పోతున్న' అను, అయిపోతది."

"గడప మీద నిలవడి గా మాట అంటరా సారూ? మీ ఇంట్ల అంటరా? అప్పు నాదే, కాదన్ననా? చెయ్యి బాగుకాంగనే కడ్త." మళ్ళీ తలుపు వైపు తిరిగింది. "పోయొస్త."

"యజమాని తిరిగి వస్తానంటున్నారు, కడతాననీ అంటున్నారు. గడువు కోసం విచారణకు పంపుతున్నాను. అప్పటిదాకా ఇల్లు ఆమెదే," అంది తలుపు.

నరహరి మూటలు తనే లోపల పెట్టి, చెప్పులు వేసుకుని, "సరే అవ్వా, పోయొస్త," అన్నాడు.

"ఎప్పుడొస్తారు సార్? నమోదు చేసుకుంటాను," అంది తలుపు.

నరహరి నాలుక్కరుచుకున్నాడు. దేవవ్వ నవ్వింది.

"బోనాలకని రాసుకో బిడ్డా. గప్పటికి నా చెయ్యి బాగైతది, నేనే వండిపెడ్త."