మొదటి చలికాలం ఉప్పు వద్దు

పెచ్చులు ఒక్కచోటే ఊడాయి. గరాజు పక్క తలుపు ముందు, మనిషి అడ్డంగా పడితే ఎంత మేర పడతాడో అంత మేర. మిగతా కాంక్రీటు డ్రైవ్‌వే అంతా నిన్న పోసినట్టే ఉంది.

అది పోసిన ఐనార్ మోకాళ్ళ మీద కూర్చుని వేలితో గీకాడు. పై పొర ఇసుకలా రాలింది.

"ఊళ్ళో నీ పనికి తిరుగులేదంటారు. ఇదేమిటి మరి?" గుమ్మంలోంచి అడిగింది ఆర్డిస్.

తిరుగులేని మాట నిజమే. అమెరికా ఉత్తరపు కొసనున్న ఈ డలూత్‌లో చలికాలం రాయిని కూడా సుఖంగా బతకనివ్వదు. పగలు కరిగిన మంచు నీరై కాంక్రీటులోకి దిగుతుంది. రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతుంది. లోపల్నించి పగలగొడుతుంది. చలికాలం పొడుగునా ఇదే తంతు. వేరేవాళ్ళు పోసినవి ఐదేళ్ళకే ముక్కచెక్కలవుతాయి. ఐనార్ పోసినవి ముప్పై ఏళ్ళైనా చెక్కుచెదరవు.

అడుగున ఎనిమిది అంగుళాల కంకర పరుస్తాడు. మంచు ఉబ్బడానికి చోటుండాలని కాంక్రీటులో సన్నటి గాలి బుడగలు ఉండేలా కలిపిస్తాడు. తాపీ సులువుగా జారుతుందని పైన నీళ్ళు చిలకరించిన పనివాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేస్తాడు. అంతా అయ్యాక ఇంటివాళ్ళ చేతిలో ఒక కాగితం పెడతాడు. మంచు కరగడానికని మొదటి చలికాలం ఉప్పు చల్లొద్దు, చల్లితే పెచ్చులూడతాయి, మంచు మీద ఇసుకే చల్లండి అని అందులో ఉంటుంది.

ఆర్డిస్ భర్త లైల్ ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. కాంక్రీటు పోసిన మొదటి చలికాలమే, మూడేళ్ళ కిందట జనవరిలో, పేపరు కోసం పక్క తలుపు తీసుకుని బయటికొచ్చి, ఇసుక నిలవని మంచు పలక మీద కాలు జారాడు. తల వెనక దెబ్బ. మళ్ళీ లేవలేదు. గరాజులో ఉప్పు బస్తా కుట్టు కూడా విప్పకుండా అలాగే ఉంది.

అంత్యక్రియల రోజు ఐనార్ చర్చిలో చివరి వరసలో కూర్చున్నాడు. ఆర్డిస్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. ఏ మొహంతో మాట్లాడతాడు? మళ్ళీ ఆమె ఎదుట పడటం ఇదే, అదీ ఆమె కబురు చేస్తే.

"నా తప్పే అయ్యుంటుంది," అన్నాడు లేచి, చేతులు దులుపుకుంటూ. "కలపడంలో తేడా వచ్చుంటుంది. ఎండలు ముదిరాక ఇది తవ్వేసి కొత్తగా పోసిస్తాను, ఆర్డిస్ గారూ."

"నలభై ఏళ్ళలో ఎక్కడా రాని తేడా, సరిగ్గా లైల్ పడ్డచోటే వచ్చిందా?"

ఐనార్ రాలిన పొడిని బూటుతో పక్కకి నెట్టాడు.

"ఉప్పని అనకు. నేను ఉప్పు ముట్టుకోలేదు. నువ్విచ్చిన కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీదే ఉంది. పక్కింటి మార్లిస్ ఏమంటోందో తెలుసా? లైల్ ఇంకా ఈ చోటు వదల్లేదట."

"మార్లిస్‌కేం, ఉన్నవీ లేనివీ చెబుతుంది."

"నాకూ వినపడుతుంది, ఐనార్." ఆమె గొంతు తగ్గింది. "నేల గడ్డకట్టిన రోజుల్లో, తెల్లవారకముందే అడుగుల చప్పుడు. వీధిలోంచి ఇక్కడిదాకా వస్తుంది. కాసేపు ఆగుతుంది. వెనక్కి వెళ్ళిపోతుంది. మొదట్లో దుప్పటి ముసుగేసుకుని వణికేదాన్ని. తర్వాత ఎదురుచూడటం మొదలెట్టాను. ఇవాళ చలి బాగా పెట్టించు దేవుడా అని ప్రార్థన చేసుకున్న రోజులున్నాయి. నవ్వకు."

ఐనార్ నవ్వలేదు. తలెత్తి కిటికీ వంక చూశాడు.

"కిటికీలోంచి చూడలేదా?"

"మూడు చలికాలాలు చూడలేదు. చూస్తే మళ్ళీ రాడేమోనని భయం."

వీధిలో మంచు తీసే బండి ఒకటి గరగరమంటూ పోయింది.

"మా చెల్లెలు తన దగ్గరికి వచ్చేయమంటోంది," అంది ఆర్డిస్. "సోమవారం ఇల్లు అమ్మకానికి పెడుతూ సంతకం చెయ్యాలి. లైల్ ఇక్కడ తిరుగుతున్నాడంటే వదిలిపెట్టి ఎలా వెళ్ళను? లేడంటే, పలకరించే దిక్కు లేని ఈ ఇంట్లో ఎందుకుండాలి? అందుకే నిన్ను పిలిచాను. కాంక్రీటు సంగతి నీకంటే తెలిసినవాడు లేడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇది మనిషి పనా, కాదా?"

ఐనార్ ఆ పెచ్చుల వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, స్వెట్టరు గుండీలు తప్పుగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఒక్క మాటతో ఆమెను రెండోసారి విధవను చెయ్యడం అతనివల్ల కాలేదు.

"మనిషి పనిలా లేదండీ," అన్నాడు. "నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

అని తల దించుకున్నాడు. జీవితంలో ఎవరికీ పనిలో మోసం చెయ్యలేదన్న గర్వం ఒకటుండేది. ఆ క్షణాన అదీ పోయింది.

ఆర్డిస్ మెట్టు దిగింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే, జాగ్రత్తగా అడుగులేస్తూ అతని దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మొన్న ధైర్యం చేసి తెర తొలగించి చూసేదాకా లైలే వస్తున్నాడనుకున్నాను, ఐనార్, వచ్చే చలికాలం ఆ ఉప్పు బకెట్టు పట్టుకుని చీకట్లో దొంగలా రాకు, తెల్లారాక వచ్చి తలుపు కొట్టు."